పేరు ఒకచోట, పెట్టె మరొకచోట: సొంత డొమైన్ ఈమెయిల్ చారిత్రక నేపథ్యం

4.1 పరిచయం

మీకు ఒక ఈమెయిల్ చిరునామా ఉండే ఉంటుంది. ప్రవేశ దరఖాస్తులోనే ఆ గడి నింపి ఉంటారు. దాన్ని ఒకసారి కాగితం మీద రాసి చూడండి. ఎట్ గుర్తుకు ఎడమవైపున మీ పేరు ఉంటుంది. కుడివైపున ఉన్న పేరు ఎవరిది? చాలామంది విషయంలో అది మనకు ఉచితంగా పెట్టె ఇచ్చిన కంపెనీ పేరు. ఇంకొందరి విషయంలో పనిచేస్తున్న కార్యాలయం పేరు, లేదా చదువుతున్న కళాశాల పేరు. పూర్వం పట్నంలో గది అద్దెకు తీసుకుని చదువుకునేవారు ఉత్తరాల మీద ‘కేరాఫ్’ అని ఇంటి యజమాని పేరు రాయించుకునేవారు. గది ఖాళీ చేసిన రోజున ఆ చిరునామా చెల్లిపోయేది. మనలో ఎక్కువమంది ఈమెయిల్ చిరునామాలు ఈనాటికీ అలాంటి కేరాఫ్ చిరునామాలే.

ఇలా కాకుండా ఎట్ గుర్తుకు కుడివైపున కూడా సొంత పేరే ఉండేలా చేసుకోవచ్చు. ఒక డొమైన్ పేరును నమోదు చేసుకుని, దాన్ని ఏదో ఒక ఈమెయిల్ సేవకు అనుసంధానిస్తే చాలు. దుకాణాలు, పాఠశాలలు, సాహిత్య సంస్థలు, కొందరు వ్యక్తులు కూడా ఇలా చేసుకుంటున్నారు. చేసుకునేటప్పుడు నాలుగైదు వింత వరుసలను ఒక పేజీలో అతికించమని ఆ సేవవారు అడుగుతారు. ఎందుకో తెలియకుండానే చాలామంది అతికిస్తారు. ఆ వరుసల్లో ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క ఇబ్బందికి జవాబుగా పుట్టింది. వాటి చరిత్రే ఈ పాఠం.

4.2 యంత్రమే చిరునామాగా ఉన్న కాలం

1971లో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరంలో బి.బి.ఎన్. అనే సంస్థలో పనిచేస్తున్న రే టామ్లిన్సన్, ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు సందేశం పంపే పద్ధతిని రూపొందించాడు. ఆ రెండు కంప్యూటర్లూ ఒకే గదిలో పక్కపక్కనే ఉన్నాయి. అయినా వాటి మధ్య సంబంధం ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ ద్వారా మాత్రమే ఉండేది. మనిషి పేరును యంత్రం పేరు నుంచి వేరు చేయడానికి ఆయన ఎట్ గుర్తును ఎంచుకున్నాడు. ఫలానా మనిషి ఫలానా యంత్రం ‘వద్ద’ ఉన్నాడని దాని అర్థం. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆనాడు కుడివైపున ఉన్నది సంస్థ పేరు కాదు, ఊరి పేరు కాదు, అచ్చంగా ఒక యంత్రం పేరు. ఆ యంత్రాన్ని తీసేస్తే చిరునామా కూడా పోతుంది.

ఈ యంత్రాల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉన్న సమాచార కేంద్రం దాన్ని నిర్వహించేది. ఆ కేంద్రానికి ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వం వహించారు. కొత్త కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌లో చేర్చిన సంస్థ ఈ కేంద్రానికి తెలియజేయాలి. వారు జాబితాలో ఒక వరుస చేరుస్తారు. మిగిలిన అన్ని కంప్యూటర్లూ ఎప్పటికప్పుడు ఆ జాబితాను దించుకోవాలి. గ్రామంలో కరణం దగ్గర ఉండే ఒకే ఒక్క దస్తరం లాంటిదే ఇది కూడా. పది ఇళ్ల ఊరికి సరిపోతుంది. యంత్రాలు వందల సంఖ్యకు చేరేసరికి ఈ ఏర్పాటు ఊపిరాడని స్థితికి వచ్చింది. ఒకే పేరును ఇద్దరు కోరుకోవడం, పాత జాబితాలో లేని యంత్రానికి ఉత్తరం చేరకపోవడం మామూలైపోయింది.

ఇదే కాలంలో టెలిఫోన్ లైన్ల మీద నడిచే మరో లోకం కూడా ఉండేది. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యుయుసిపి పద్ధతిలో ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్‌కు ఫోన్ చేసి ఉత్తరాలు అందించేది. అందులో చిరునామా అంటే దారి మొత్తం. ఏ యంత్రం నుంచి ఏ యంత్రానికి, అక్కడి నుంచి ఎక్కడికి అన్నది ఆశ్చర్యార్థకాలతో విడదీస్తూ పంపేవాడే వరుసగా రాయాలి. విజయవాడ నుంచి వారణాసికి ఉత్తరం వేసేవాడు మధ్యలో బండి మారే స్టేషన్లన్నీ కవరు మీద రాయడం ఊహించుకోండి. దారిలో ఒక్క యంత్రం మూతపడినా ఉత్తరం గల్లంతే.

4.3 1982 నుంచి 1986 వరకు: పేరును యంత్రం నుంచి విడదీయడం

ఈ పాఠంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే కాబట్టి కొంచెం నెమ్మదిగా చదవండి.

1982 జనవరిలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్రాల సంస్థలో కంప్యూటర్ ఉత్తరాల గురించి ఒక సమావేశం జరిగింది. దాని నివేదికను జాన్ పోస్టెల్ రాశాడు. కుడివైపు పేరును చుక్కలతో విడదీసి, అంచెలంచెలుగా రాయాలనే ఆలోచనకు అక్కడ ఆమోదం లభించింది. దీన్ని ఎలా అమలు చేయాలన్న దాని మీద అనేక ప్రతిపాదనలు వచ్చాయి. వాటి మధ్య రాజీ కుదిర్చే పనిని పోస్టెల్ అదే సంస్థలోని పాల్ మోకపెట్రిస్‌కు అప్పగించాడు. ఆయన రాజీ కుదర్చలేదు, సరికొత్త వ్యవస్థనే రాసుకొచ్చాడు. 1983 నవంబరులో వెలువడిన ఆ రెండు పత్రాలే డొమైన్ నేమ్ సిస్టం, అంటే డి.ఎన్.ఎస్.కు పునాది. జాబితా ఒకేచోట ఉండనవసరం లేదు, ఎవరి పేరు కింద ఉన్న వివరాలను వారే నిర్వహించుకోవచ్చు, అడిగినవారికి అడిగినప్పుడు జవాబు దొరుకుతుంది. స్థూలంగా దాని సూత్రం ఇది.

ఉత్తరాల విషయంలో మాత్రం తొలి రూపం కుదురుగా లేదు. ఉత్తరం చేరవలసిన యంత్రానికి ఒక రకం రికార్డు, ముందుకు పంపే యంత్రానికి ఇంకో రకం రికార్డు పెట్టారు. రెండూ వేర్వేరుగా అడిగి తెలుసుకోవడంలో తికమకలు వచ్చాయి. 1986 జనవరిలో ఈ రెండింటి స్థానంలో ఎం.ఎక్స్. అనే ఒకే రికార్డు వచ్చింది. మెయిల్ ఎక్స్ఛేంజర్ అన్న మాటకు అది సంక్షిప్త రూపం. దాన్ని ఉపయోగించి ఉత్తరాలను ఎలా నడిపించాలో క్రెగ్ పార్ట్రిడ్జ్ ఒక చిన్న పత్రంలో వివరించాడు. ఆ పత్రం సంఖ్య 974.

ఎం.ఎక్స్. చెప్పేది ఒక్కటే: ‘ఈ పేరుకు వచ్చే ఉత్తరాలను ఫలానా యంత్రానికి ఇవ్వండి.’ పక్కనే ఒక అంకె ఉంటుంది. చిన్న అంకె ఉన్న యంత్రాన్ని ముందు ప్రయత్నించాలి, అది పలకకపోతే తర్వాతి అంకె ఉన్నదానికి వెళ్లాలి. ఇంతే. కానీ దీని పర్యవసానం చాలా పెద్దది. పేరు ఉన్నవాడికి యంత్రం ఉండనవసరం లేదు. ఇంటర్నెట్‌తో నేరుగా సంబంధం లేక, రాత్రిపూట ఫోన్ లైన్ మీద ఉత్తరాలు తెప్పించుకునే చిన్న కళాశాలకు కూడా అందరిలాంటి చిరునామానే ఉండవచ్చు. ఉత్తరాలు తీసుకుని దాచిపెట్టే పని ఇంకెవరో చేస్తారు. రేపు ఆ ‘ఇంకెవరో’ మారినా చిరునామా మారదు. ఊరు మారేటప్పుడు కొత్త చిరునామాకు ఉత్తరాలు మళ్లించమని పోస్టుమాస్టరుకు అర్జీ పెట్టుకోవడం మీ ఇంట్లో పెద్దలకు తెలిసే ఉంటుంది. అక్కడ ఉత్తరం పాత ఊరికి వచ్చాక మళ్లుతుంది. ఇక్కడ బయలుదేరక ముందే దారి మారుతుంది.

నా అభిప్రాయంలో ఈమెయిల్ చరిత్రలో 1971 కన్నా 1986కే ప్రాధాన్యం ఎక్కువ. ఎట్ గుర్తు కథ అందరికీ తెలుసు, పరీక్షల్లోనూ అడుగుతారు. ఎం.ఎక్స్. గురించి అడిగేవారు లేరు. ఈనాడు ఒక సేవను వదిలి మరో సేవకు మారే స్వేచ్ఛ ఎవరికైనా ఉందంటే, అది రెండవదాని వల్ల వచ్చినదే.

4.4 భారతదేశంలో చిరునామాలు

మన దేశంలో ఈ చరిత్ర జాడలు చిరునామాల్లోనే కనిపిస్తాయి. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో ఎర్నెట్ అనే విద్యా పరిశోధన నెట్‌వర్క్‌ను ప్రారంభించింది. బొంబాయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ అందులో కీలకపాత్ర వహించింది. దేశం పేరుమీద ‘.ఇన్’ అనే డొమైన్ 1989లో ఏర్పడింది, దాని నిర్వహణ కూడా అక్కడే మొదలైంది.

1990ల నాటి పరిశోధన పత్రాలను తిరగేస్తే హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యుల పేర్ల కింద ‘యుఒహైడ్.ఎర్నెట్.ఇన్’ అని ముగిసే చిరునామాలు చూడగలరు. పేరు మధ్యలో ఎర్నెట్ ఎందుకు ఉంది? విశ్వవిద్యాలయం పేరుతోపాటు ఉత్తరాలు మోసే నెట్‌వర్క్ పేరు కూడా చిరునామాలో ఇరుక్కుని ఉంది కాబట్టి. తర్వాతి కాలంలో అది ‘యుఒహైడ్.ఎసి.ఇన్’గా మారింది. మోసేవాడి పేరు తప్పుకుని, సంస్థ పేరు మిగిలింది.

సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. ఆనాటి హైదరాబాద్ చందాదారుల చిరునామాల్లో ‘హెచ్‌డి1.విఎస్ఎన్ఎల్.నెట్.ఇన్’ వంటి పేర్లు ఉండేవి. ఊరు, యంత్రం సంఖ్య, కంపెనీ, అన్నీ అందులోనే ఉన్నాయి. విజిటింగ్ కార్డు మీద అచ్చువేయించుకోవడానికి అది ఎంత పొడవో ఆలోచించండి. కనెక్షన్ మార్చుకున్నవాడు కార్డులు మళ్లీ వేయించుకోవలసిందే.

ఈ ఇబ్బంది నుంచి జనాన్ని బయటపడేసింది సొంత డొమైన్ కాదు, ఉచిత పెట్టె. బెంగళూరులో చదువుకున్న సబీర్ భాటియా, జాక్ స్మిత్‌తో కలిసి 1996 జులై 4న హాట్‌మెయిల్‌ను ప్రారంభించాడు. ఏ కనెక్షన్ నుంచైనా, ఏ ఊరి ఇంటర్నెట్ కేంద్రం నుంచైనా తెరుచుకునే పెట్టె అది. 1997 చివరలో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుగోలు చేసింది. 2004 ఏప్రిల్ 1న గూగుల్ ఒక గిగాబైట్ చోటుతో జీమెయిల్‌ను ప్రకటించింది. కనెక్షన్ ఇచ్చేవాడి కేరాఫ్ నుంచి పెట్టె ఇచ్చేవాడి కేరాఫ్‌కు మారామన్నమాట. అద్దె లేదు కాబట్టి ఎవరూ ఆ తేడా పట్టించుకోలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: యుయుసిపి చిరునామాకు, ఎం.ఎక్స్. రికార్డుతో నడిచే చిరునామాకు మధ్య తేడాను మీ మాటల్లో ఐదు వాక్యాల్లో రాయండి.

4.5 పేరుకు వెల, పేరుకు గడువు

తొలి డాట్ కామ్ పేరు సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీది. అది 1985 మార్చి 15న నమోదైంది. ఆ తర్వాత పదేళ్లపాటు నమోదుకు రుసుము లేదు. 1995 సెప్టెంబరులో నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే సంస్థ రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. 1998లో ఐకాన్ ఏర్పడింది. మరుసటి సంవత్సరం నమోదు వ్యాపారంలోకి పోటీదారులు వచ్చి ధరలు దిగాయి. మన ‘.ఇన్’ పేర్లు 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి.

‘డొమైన్ కొన్నాను’ అని వాడుకలో అంటాం. చరిత్ర విద్యార్థులుగా మీరు ఆ మాటను అనుమానించాలి. ఇది కొనుగోలు కాదు, గడువుతో కూడిన కౌలు. గడువు తీరేలోగా రుసుము కట్టకపోతే పేరు చేయి జారుతుంది. ఎంత పెద్దవారికైనా ఇది తప్పలేదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరుకు రుసుము కట్టడం మరిచిపోయింది. హాట్‌మెయిల్‌లోకి ప్రవేశించడానికి ఆ పేరే ద్వారం. క్రిస్మస్ రోజుల్లో ఎందరికో పెట్టెలు తెరుచుకోలేదు. చివరికి ఆ కంపెనీతో సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ 35 డాలర్లు తన కార్డు మీద చెల్లించాడు, తలుపు తెరుచుకుంది.

పేరు పోతే తలుపు మూసుకోవడం ఒక్కటే కాదు ప్రమాదం. ఆ పేరును తర్వాత నమోదు చేసుకున్నవాడు తన ఎం.ఎక్స్. పెట్టుకుంటే, మీకు రాసే ఉత్తరాలన్నీ అతని పెట్టెలో పడతాయి. బ్యాంకు సంకేతపదం మార్చుకునే లింకు కూడా అక్కడికే పోతుంది. కేరాఫ్ చిరునామాతో ఏటా రుసుము కట్టే బాధ్యత మీ మీద ఉండదు. అందువల్ల సొంత డొమైన్ అందరికీ మేలని నేను చెప్పను. ఏటా గుర్తుపెట్టుకుని కట్టగలిగినవారికే అది మేలు.

మరి కేరాఫ్‌తో వచ్చే నష్టం ఏమిటి? నా అనుభవమే చెబుతాను. నేను ఉద్యోగ విరమణ చేసిన కొద్ది నెలలకు, పనిచేసిన విద్యాసంస్థ ఇచ్చిన నా పెట్టెను మూసివేశారు. నియమం ప్రకారమే చేశారు, తప్పుపట్టలేం. కానీ నేను అచ్చువేసిన వ్యాసాలన్నింటి మీద ఉన్నది ఆ చిరునామాయే. సిఫార్సు లేఖ కోసం ఒక పాత విద్యార్థిని రాసిన ఉత్తరం తిరిగి ఆమెకే వెళ్లింది. ఎవరినో అడిగి నా ఫోన్ నంబరు పట్టుకునేసరికి దరఖాస్తు గడువు దాటిపోయింది. ఈ అంశం మీద నేను చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

4.6 సేవను అనుసంధానించడం: నాలుగు రికార్డులు

2006 ఆగస్టులో గూగుల్, ఇతరుల డొమైన్ పేర్లతో తన మెయిల్ సేవను వాడుకునే ఏర్పాటును ప్రారంభించింది. సొంత సర్వర్ నడిపే నేర్పు లేనివారికి కూడా సొంత పేరు సాధ్యమైంది ఇలాంటి సేవల వల్లే. 2012 డిసెంబరులో కొత్తవారికి దాని ఉచిత రూపాన్ని ఆపేశారు. 2022 జనవరిలో పాతవారు కూడా డబ్బు కట్టాలని ప్రకటించి, కొన్ని నెలల తర్వాత వ్యక్తిగత వాడుకకు మినహాయింపు ఇచ్చారు. ఆ కొన్ని నెలల్లో కట్టడానికి ఇష్టపడనివారు ఎం.ఎక్స్. మార్చుకుని వేరే సేవకు వెళ్లగలిగారు. చిరునామా మాత్రం అదే. అయితే ఎం.ఎక్స్. మార్చితే ఇకపై వచ్చే ఉత్తరాలే కొత్త పెట్టెలో పడతాయి. పాత ఉత్తరాలను ఐమ్యాప్ అనే పద్ధతిలో విడిగా నకలు చేసుకోవాలి. విచిత్రంగా, మార్క్ క్రిస్పిన్ దాన్ని స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించింది కూడా 1986లోనే.

ఇప్పుడు అనుసంధాన ప్రక్రియకు వద్దాం. ముందుగా సేవవారు ఒక వింత పదం ఇచ్చి, దాన్ని మీ డొమైన్‌లో టెక్స్ట్ రికార్డుగా పెట్టమంటారు. పేరు మీదేనని రుజువు చేసుకోవడానికి ఇది. తర్వాత ఎం.ఎక్స్. ఇక్కడ జరిగే సాధారణ పొరపాటు, పాత ఎం.ఎక్స్. వరుసలను తీసేయకుండా కొత్తవి చేర్చడం. అప్పుడు కొన్ని ఉత్తరాలు పాత పెట్టెకు, కొన్ని కొత్తదానికి పోతాయి. మార్పు వెంటనే కనిపించకపోతే కంగారు పడవద్దు. పాత జవాబును కొంతసేపు గుర్తుంచుకునే స్వేచ్ఛ ఇతర సర్వర్లకు ఉంది. ఎంతసేపన్నది ఆ రికార్డులోనే సెకన్లలో రాసి ఉంటుంది. మార్చడానికి ఒక రోజు ముందే ఆ అంకెను తగ్గించుకోవడం తెలివైన పని.

మిగిలిన మూడూ అబద్ధపు ఉత్తరాలను ఎదుర్కోవడానికి పుట్టాయి. 1982 నాటి ఉత్తరాల నియమాల్లో పంపినవాడి పేరును తనిఖీ చేసే ఏర్పాటు లేదు. ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల లోకం అది. లోకం పెరిగాక ఎవరి పేరుతోనైనా ఎవరైనా రాయవచ్చని మోసగాళ్లు గ్రహించారు. 2006లో పత్రంగా వెలువడిన ఎస్.పి.ఎఫ్., ‘నా పేరు మీద ఉత్తరాలు పంపడానికి ఈ యంత్రాలకే అనుమతి’ అని చెప్పే వరుస. ఒక డొమైన్‌కు ఇలాంటి వరుస ఒక్కటే ఉండాలి. రెండు సేవలు వాడేవారు రెండింటినీ ఒకే వరుసలో కలపాలి. యాహూ, సిస్కో సంస్థల వేర్వేరు ప్రయత్నాల కలయికగా 2007లో డి.కె.ఐ.ఎం. వచ్చింది. ఉత్తరం మీద సేవవారు గూఢ సంకేతంతో లక్కముద్ర వంటిది వేస్తారు. ఆ ముద్రను సరిచూసే తాళంచెవి మీ డొమైన్‌లో బహిరంగంగా ఉంటుంది. ఈ రెండూ విఫలమైతే ఏం చేయాలో పేరు యజమానే చెప్పే వరుస డి.ఎం.ఎ.ఆర్.సి. ఊరుకోండి, అనుమానించండి, తిరస్కరించండి అని అందులో మూడు మెట్లు.

మూడో మెట్టు ఎంత పదునైనదో 2014 ఏప్రిల్‌లో తెలిసింది. యాహూ తన పేరు మీద అకస్మాత్తుగా ‘తిరస్కరించండి’ అని పెట్టింది. మోసపు ఉత్తరాలు తగ్గాయి కానీ, ఒకరు రాసిన ఉత్తరాన్ని వందమందికి పంచే చర్చా బృందాల్లో యాహూ సభ్యుల ఉత్తరాలు తిరిగి రావడం మొదలైంది. దారిలో కవరు విప్పి మళ్లీ అతికిస్తే ముద్ర చెడుతుంది కదా. కొత్తగా పెట్టేవారు మొదటి మెట్టుతో ప్రారంభించి, కొన్ని వారాలు నివేదికలు చూసి పైకి వెళ్లాలని చెప్పడానికి కారణం ఈ అనుభవమే. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూలు భారీ సంఖ్యలో ఉత్తరాలు పంపేవారికి ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి. చిన్నవారికి కూడా మొదటి రెండింటిలో ఒకటైనా ఉండాలి.

4.7 తెలుగు అక్షరాల్లో పేరు

డొమైన్ పేర్లు చాలాకాలం రోమన్ అక్షరాలకే పరిమితమయ్యాయి. 2003లో ఇతర లిపుల పేర్లను రోమన్ సంకేతాలుగా మార్చి నడిపించే పద్ధతి వచ్చింది. ఆ దారిలోనే తెలుగు లిపిలో ‘.భారత్’ అనే అంచె కూడా ఏర్పడింది. ఎట్ గుర్తుకు ఎడమవైపున కూడా తెలుగు రాయడానికి 2012లో నియమాలు వెలువడ్డాయి. ఇక్కడ రోమన్ సంకేతాల ఉపాయం పనిచేయదు. దారిలోని ప్రతి సర్వరూ ఆ అక్షరాలను అంగీకరించాలి. ఒక్కటి కాదన్నా ఉత్తరం ఆగిపోతుంది. అందుకే తెలుగు చిరునామా తీసుకున్నవారు పక్కన రోమన్ చిరునామా కూడా ఉంచుకోవలసి వస్తోంది.

4.8 అభ్యాసం: ఉత్తరాన్ని ఆధారపత్రంగా చదవడం

శాసనాన్ని చదివినట్లే ఈమెయిల్‌నూ ఆధారపత్రంగా చదవవచ్చు. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, మీకు వచ్చిన ఏదైనా ఒక ఉత్తరంలో కుడివైపున ఉన్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. పైభాగంలోని పట్టికలో ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డి.ఎం.ఎ.ఆర్.సి. అనే మూడు పేర్ల ఎదుట ఫలితం కనిపిస్తుంది. దాని కింద ‘రిసీవ్డ్’ అనే మాటతో మొదలయ్యే వరుసలు ఉంటాయి. దారిలోని ప్రతి యంత్రం తన వరుసను అన్నింటికన్నా పైన చేరుస్తుంది కాబట్టి వాటిని కింది నుంచి పైకి చదవాలి. అట్టడుగు వరుసలోని యంత్రం ఏ కంపెనీదో, పంపినవారి చిరునామాలో కుడివైపున ఉన్న పేరు ఎవరిదో పోల్చి రాయండి. బ్యాంకు, ఏదైనా వార్తాసంస్థ, మీ మిత్రుడు: ఈ ముగ్గురి ఉత్తరాలను తీసుకుంటే చాలు.